రెండు ఊళ్ల మనిషి: పాల్ జి. హీబర్ట్ (1932–2007) జ్ఞాపకం, నాచారం సమాధుల తోట నుండి

కొన్నేళ్ల క్రితం నాచారంలో ఒక భూస్థాపన కూడికకు వెళ్లవలసి వచ్చింది. చనిపోయిన సహోదరుడు పాలమూరు జిల్లా నుండి బతుకుదెరువు కోసం వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లకు పైగా పని చేసినవాడు. తాత కాలం నుండి మెన్నోనైట్ బ్రదరెన్ కుటుంబం. షిఫ్టును బట్టి ఒక ఆదివారం నాచారంలో, ఒక ఆదివారం ఉప్పల్‌లో, కుదరనప్పుడు ఇంటి దగ్గరి ప్రార్థనలో కూర్చునేవాడు. అందరికీ తెలిసినవాడే గాని ఏ సంఘపు రిజిస్టరులోనూ ఆయన పేరు లేదు. సమాధుల తోటలో స్థలం ఇవ్వాలంటే సొంత సంఘం నుండి బదిలీ ఉత్తరం ఉండాలని పెద్దలు అన్నారు. దాచడం ఎందుకు, నేనూ ఆ మాటే అన్నాను. ఆయన భార్య నా వైపు చూసి, "అయ్యగారూ, ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉంటున్నం. ఇగ మాది ఏ ఊరని చెప్పాలె?" అని అడిగింది.

నాకు జవాబు తోచలేదు. చివరికి ఉత్తరం లేకుండానే, తర్వాత తెప్పించుకునే షరతు మీద, ఆ సాయంత్రం భూస్థాపన జరిగింది. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తరగతి గదిలో నేను ఎన్నోసార్లు పేరు చెప్పిన ఒక మనిషి తన జీవితమంతా ఇదే ప్రశ్నతో నడిచాడని ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. ఆయన పాల్ జి. హీబర్ట్. వేదాంత విద్యార్థులకు ఆయన మిషన్ శాస్త్రపు పాఠ్యగ్రంథాల రచయితగా తెలుసు. మన తెలంగాణ మట్టిలో పుట్టిన మెన్నోనైట్ వలస కుటుంబీకుడని తెలిసినవారు తక్కువ. మన సంఘ చరిత్రల్లో మిషనరీల జీవితాలు ఒకే అచ్చులో ఉంటాయి: ఫలానా సంవత్సరం వచ్చారు, బంగళా కట్టారు, ఇంతమందికి బాప్తిస్మమిచ్చారు, తిరిగి వెళ్లారు. వారు కూడా ఒక ఊరు విడిచి మరో ఊరు వెదుక్కున్నవారని, పిల్లలను దూరంగా చదువుకు పంపి బెంగపడిన తల్లిదండ్రులని ఆ అచ్చులో చోటు దొరకదు. ఈ వ్యాసంలో హీబర్ట్‌ను ఆ వైపు నుండి చూడాలని నా ప్రయత్నం.

వలసల వంశం

మెన్నోనైట్ల చరిత్ర మొదటి నుండీ నడక చరిత్రే. 1525లో జ్యూరిక్ పట్టణంలో కొందరు విశ్వాసులు పెద్దవారై ఒప్పుకోలు చేసి బాప్తిస్మం పొందడంతో ఆ ఉద్యమం మొదలైంది. హాలండు ప్రాంతపు రోమన్ కాథలిక్ యాజకుడు మెన్నో సైమన్స్ 1536లో తన పదవిని వదిలి వారితో చేరాడు. ఆయన పేరు మీదనే తర్వాత వారికి మెన్నోనైట్లని పేరు వచ్చింది. హింసల నుండి తప్పించుకుంటూ వారిలో చాలామంది ఇప్పటి పోలండులోని విస్తులా నది ముఖద్వార ప్రాంతానికి చేరి, నీళ్లు నిలిచే ఆ నేలలను సాగులోకి తెచ్చారు. రెండు శతాబ్దాలు గడిచేసరికి అక్కడా భూమి దొరకడం, సైనిక సేవ నుండి మినహాయింపు దొరకడం కష్టమైంది. రష్యా రాణి కాథరిన్ పిలుపు అందుకుని 1789లో హోర్టిట్సాకు, 1804 నుండి మొలోచ్నాకు తరలిపోయారు. ఈ రెండు కాలనీలూ ఇప్పటి ఉక్రెయిన్ దేశంలో ఉన్నాయి. ఆ మొలోచ్నా కాలనీలోనే 1860 జనవరిలో కొన్ని కుటుంబాలు పాత సంఘం నుండి విడిపోయి మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంగా ఏర్పడ్డాయి. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో 'ఎం.బి. సంఘం' అని మనం పలికే రెండక్షరాల వెనుక ఉన్నది ఆ విడిపోవడమే.

రష్యా ప్రభుత్వం 1870లలో అందరికీ సైనిక సేవను తప్పనిసరి చేయబూనినప్పుడు సుమారు 18 వేలమంది మెన్నోనైట్లు ఓడలెక్కి ఉత్తర అమెరికా చేరారు. కాన్సాస్, మిన్నెసోటా, నెబ్రాస్కా, మానిటోబా మైదానాల్లో మళ్లీ మొదటి నుండి ఇళ్లు కట్టుకున్నారు. మిన్నెసోటాలోని మౌంటెన్ లేక్ అటువంటి స్థావరాల్లో ఒకటి. ఇంట్లో ఒక రకం జర్మన్ మాండలికం, ఆరాధనలో పుస్తకాల జర్మన్, బజారులో ఇంగ్లీషు. మన హైదరాబాదు వలస కుటుంబాల్లోనూ ఇదే కదా జరుగుతున్నది: ఇంట్లో పాలమూరు యాస, ఆరాధనలో బైబిలు తెలుగు, కంపెనీలో హిందీ.

తెలుగు నేలకు మెన్నోనైట్ బ్రదరెన్ రెండు దారుల్లో వచ్చారు. మొదటిది రష్యా దారి. అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ 1889లో వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి నల్లగొండలో పని ప్రారంభించారు. రెండవది అమెరికా దారి. 1899లో ఎన్. ఎన్. హీబర్ట్, ఆయన భార్య సూసీ, వారితో ఎలిజబెత్ నోయిఫెల్డ్ వచ్చారు. ఆ ఎన్. ఎన్. హీబర్ట్ మన పాల్ హీబర్ట్‌కు తాత. హైదరాబాదులో పని మొదలుపెట్టిన ఆయన ఆరోగ్యం చెడి 1901లోనే తిరిగి వెళ్లవలసి వచ్చింది. రెండేళ్లు. మన చరిత్ర పుస్తకాల లెక్కలో అది దాదాపు విఫలమైన పరిచర్య. అయితే తిరిగి వెళ్లిన తర్వాత ఆయన మిషను కమిటీ పని భుజాన వేసుకున్నాడు. ఈ దేశంలో రెండేళ్లే నిలువగలిగిన మనిషి ఇంట్లో తెలుగువారి మాట మాత్రం నిలిచింది. కొడుకు జె. ఎన్. సి. హీబర్ట్, కోడలు ఆన్నా మిషనరీలుగా తెలంగాణకు వచ్చారు. మనుమడు పాల్ 1932 నవంబరు 13న శంషాబాదులో పుట్టాడు.

శంషాబాదు బిడ్డ

ఆనాటికి శంషాబాదు నిజాం రాజ్యంలో, బెంగుళూరు రోడ్డు మీది ఒక ఊరు. మిషను కాంపౌండు, దాని చుట్టూ గోడ, లోపల బంగళా. ఆ గోడకు లోపల పెరిగిన పిల్లవాడు పెద్దవాడై ఆ గోడ గురించే రాశాడు. తెలుగు పల్లెల్లో మిషనరీని 'దొర' అని ఎందుకు పిలిచారో 1985లో వచ్చిన తన గ్రంథంలో వివరించాడు. అది నవ్వు తెప్పించే వివరణ, నవ్విన తర్వాత నొప్పి కలిగించే వివరణ కూడా. పల్లె ప్రజలకు దొర అంటే భూస్వామి, చిన్న సంస్థానాధీశుడు. దొర పెద్ద స్థలం కొంటాడు, చుట్టూ గోడ కడతాడు, బంగళా లేపుతాడు, నౌకర్లను పెట్టుకుంటాడు. రెండవ భార్యకు, మూడవ భార్యకు వేరుగా బంగళాలు కట్టిస్తాడు. మిషనరీ వచ్చి సరిగ్గా అలాగే స్థలం కొన్నాడు, గోడ కట్టాడు, బంగళా లేపాడు, నౌకర్లను పెట్టుకున్నాడు. అదే కాంపౌండులో అవివాహిత మిషనరీ స్త్రీల కోసం వేరే బంగళా కట్టించాడు. చూసినవారు ఏమనుకుని ఉంటారో వేరే చెప్పాలా? మిషనరీ తనను తాను సేవకుడనుకున్నాడు. ఊరు మాత్రం అతన్ని తనకు తెలిసిన పాత్రల్లో ఒకదానిలో కూర్చోబెట్టింది. సొంత తండ్రి తాతల ఇంటిని ఇంత నిష్పక్షపాతంగా చూడడం సులభం కాదు. ఆ ఇంటిని ప్రేమించినవాడే అలా చూడగలడని నా అభిప్రాయం.

పాల్ చదువు పళని కొండల మీది కొడైకెనాల్ మిషనరీ పాఠశాలలో సాగింది. 1901లో స్థాపితమైన ఆ బడికి తెలుగు ప్రాంతపు మిషనరీలు చాలామంది తమ పిల్లలను పంపేవారు. రైలు ప్రయాణం దూరం, ఎడబాటు నెలల తరబడి. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. అదే కాలంలో మన పల్లెల క్రైస్తవ పిల్లలు మిషను బోర్డింగు స్కూళ్లలో పెరిగారు. తల్లి ఒడి విడిచి పెట్టె మోసుకుంటూ గేటులోకి నడిచిన అనుభవం దొర బిడ్డదీ మాదిగ బిడ్డదీ ఒకటే. తిండి, పరుపు, భవిష్యత్తు వేరు, అది నిజం. కాని ఆ రాత్రి ఏడుపు వేరు కాదు. మన సంఘ చరిత్ర ఈ రెండు ఏడుపులనూ ఒకే పేజీలో ఎన్నడూ రాయలేదు.

ఇలా పెరిగిన పిల్లలు ఏ దేశపువారు? హీబర్ట్ తన రచనల్లో దీనికి పెట్టిన పేరు రెండు సంస్కృతుల మధ్య వంతెన. మిషనరీలూ వారితో కలిసి పనిచేసే స్థానిక నాయకులూ కలిసి ఒక మూడవ సమాజాన్ని తయారు చేస్తారు. అది పూర్తిగా అమెరికా కాదు, పూర్తిగా తెలంగాణ కాదు. అక్కడ పుట్టిన పిల్లలకు ఆ వంతెనే సొంత ఊరు. పెద్దలకు తిరిగి వెళ్లడానికి ఒక దేశం ఉంటుంది. పిల్లలు మాత్రం తల్లిదండ్రుల దేశానికి వెళ్లినప్పుడే పరాయివారవుతారు. నాచారంలో పుట్టి, సెలవులకు మాత్రమే పాలమూరు చూసి, అక్కడ 'పట్నపోళ్లు' అనిపించుకుని, ఇక్కడ 'ఊరోళ్లు' అనిపించుకునే మన యౌవనస్థులకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు.

ఎల్లయ్య నడిచివచ్చిన సాయంత్రం

పాల్ కాన్సాస్‌లోని టేబర్ కళాశాలలో 1954లో పట్టభద్రుడై, ఫ్రెస్నోలోని మెన్నోనైట్ బ్రదరెన్ సెమినరీలో వేదాంతం చదివి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టాడు. ఫ్రాన్సెస్ ఫ్లెమింగ్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1960లో ఇద్దరూ తెలంగాణకు వచ్చారు. ఇప్పుడు సెంటినరీ బైబిలు కళాశాలగా మనకు తెలిసిన శంషాబాదు బైబిలు పాఠశాలలో ఆయన పనిచేశాడు. పుట్టిన ఊరికే మిషనరీగా రావడం వింతైన సంగతి. వెళ్లినవాడు తిరిగి వచ్చాడా, లేక కొత్తగా వచ్చాడా? ఊరివారికి ఆయన దొరగారి అబ్బాయి. ఆయనకు మాత్రం ఆ ఊరు బాల్యం.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతిని ఆయన తర్వాత రాశాడు. మిషన్ శాస్త్రం చదివినవారిలో చాలామందికి ఇది తెలిసినదే అయినా, తెలుగు సంఘంగా మనం దీన్ని మన సొంత చరిత్రగా చదవలేదు. ఒక సాయంత్రం ఎల్లయ్య అనే సంఘ పెద్ద చాలా దూరం నడిచి బైబిలు కళాశాలకు వచ్చాడు. ఆయనది ముచ్చింతల. ఆ పేరుగల ఊరు శంషాబాదు దగ్గరలోనే ఉంది. ఎల్లయ్య ఊళ్లో మశూచి వచ్చింది. 1975 తర్వాత మన దేశంలో ఆ రోగం లేదు గనుక ఇప్పటి విద్యార్థులకు దాని భయం ఊహించడం కష్టం. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలి ఇవ్వాలని సోదె చెప్పేవాడు చెప్పాడు. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా వసూలు చేశారు. క్రైస్తవ కుటుంబాలు ఇవ్వమన్నాయి. ఊరంతా ఇవ్వకపోతే బలి చెల్లదు గనుక వారికి బావి నీళ్లు ఆపారు, కోమటి కొట్లో సరుకు ఆపారు. అంతలో ఒక క్రైస్తవ కుటుంబంలో చిన్న పిల్లకు మశూచి సోకింది. ఏమి చేయమంటారని ఎల్లయ్య అడిగాడు.

హీబర్ట్ నిజాయితీ ఇక్కడ కనిపిస్తుంది. తనకు జవాబు తెలియలేదని ఒప్పుకున్నాడు. శాస్త్రజ్ఞుడుగా రోగక్రిముల గురించి చెప్పగలడు. వేదాంతిగా పాపం, రక్షణ, నిత్యజీవం గురించి చెప్పగలడు. మైసమ్మ కోపం, దిష్టి, తాయెత్తు, సోదె, చనిపోయినవారి ఆత్మలు, ఈ మధ్య అంతస్తు గురించి అతని చదువులో ఒక్క పాఠమూ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1982లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో పాశ్చాత్య క్రైస్తవ్యం ఈ మధ్య అంతస్తును కొట్టివేసి రెండంతస్తుల ఇంట్లో కాపురం ఉంటున్నదని రాశాడు. ఆ వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. దాని పునాది మాత్రం ముచ్చింతల వంటి మన పల్లెల్లోనే ఉంది.

ఆ పిల్లకోసం అందరూ ప్రార్థించారు. ఒక వారం తర్వాత ఎల్లయ్య తిరిగి వచ్చి, పిల్ల చనిపోయిందని చెప్పాడు. తాను పూర్తిగా ఓడిపోయినట్లు అనిపించిందని హీబర్ట్ రాశాడు. మరికొన్ని వారాలకు ఎల్లయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం వెలుగుతున్నది. పిల్ల బాగుపడి ఉంటే ఊరు మన దేవుని శక్తిని ఒప్పుకునేదే గాని, ఎప్పటికైనా ఆ పిల్ల చనిపోవలసిందే గదా అన్నాడు. భూస్థాపనలో క్రైస్తవుల పునరుత్థాన నిరీక్షణను చూసినవారు మరణం మీదనే గెలుపును చూశారనీ, ఇప్పుడు వారే వచ్చి ఈ మార్గం గురించి అడుగుతున్నారనీ ఎల్లయ్య చెప్పిన దాని సారాంశం.

నేను ఈ కథను తరగతిలో పదిసార్లైనా చెప్పి ఉంటాను. ప్రతిసారీ 'మధ్య అంతస్తు' గురించే చెప్పాను. నాచారం నుండి వచ్చిన రాత్రి మళ్లీ చదివినప్పుడు కనిపించింది వేరు. ముచ్చింతల ఊరు సువార్తను ఒక ప్రసంగంలో వినలేదు, ఒక స్వస్థతలో చూడలేదు. ఒక బిడ్డను సంఘం ఎలా పాతిపెట్టిందో చూసింది. మానవశాస్త్రపు పట్టా కోసం కృషి చేస్తున్న దొరకు ఈ సంగతి చెప్పినవాడు, నడిచి వచ్చిన పల్లె సంఘ పెద్ద. ఎవరు ఎవరికి గురువు? ఎల్లయ్య పేరు మన సంఘ చరిత్రల్లో వెదకండి.

పాపయ్య ఏ వైపు తిరిగి ఉన్నాడు?

1965లో హీబర్ట్ కుటుంబం అమెరికాకు వెళ్లింది. 1967లో ఆయన డాక్టరేటు పొందాడు. తెలంగాణ గ్రామ నిర్మాణం మీద ఆయన చేసిన పరిశోధన 'కొండూరు' పేరుతో 1971లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ముద్రణాలయం వారు ప్రచురించారు. కులాలు, వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, తగాదాలు, పండుగలు, ఊరి పెద్దరికం అన్నీ అందులో ఉన్నాయి. క్రైస్తవ గ్రంథం అనుకుని తెరిచినవారు ఆశ్చర్యపోతారు. ఊరిని మార్చవలసిన వస్తువుగా ముందే తీర్మానించుకోకుండా, మొదట అర్థం చేసుకోవలసిన ఇంటిగా చూసిన పుస్తకమది.

1978లో ఆయన రాసిన మరో వ్యాసంలో పాపయ్య అనే రైతు వస్తాడు. రోజంతా పొలంలో పనిచేసి ఇంటికి వచ్చి, ఊరి నడుమ కొత్తగా వచ్చిన ఒకని మాట వింటాడు. చదువురాదు, బైబిలు లేదు, రేపు మళ్లీ పొలం. ఒక్కసారి సువార్త విన్న పాపయ్య క్రైస్తవుడు కాగలడా? కాగలడంటే, అతడు ఎంత తెలుసుకోవాలి? ఇది తర్కం కోసం వేసిన ప్రశ్న కాదు. 'దేవుడు' అనే మన మాటనే తీసుకోండి. తెలుగు పల్లె మనిషికి దేవుళ్లు ఈ సృష్టిలోనే ఉన్న, మనకంటే పై మెట్టు మీద ఉన్న శక్తిమంతులు. వారికీ పుట్టుక ఉంది, కోపతాపాలున్నాయి. సృష్టికి వేరుగా ఉన్న సృష్టికర్తను అదే మాటతో చెప్పినప్పుడు పాపయ్య ఏమి విన్నాడు? మాట మార్చితే సరిపోదు. ఈశ్వరుడన్నా, భగవంతుడన్నా, పరబ్రహ్మమన్నా ప్రతి మాటకూ దాని బరువు దానికుందని హీబర్ట్ వివరించాడు. ప్రతి ఆదివారం ఈ మాటను తేలికగా పలికే కాపరులం మనం.

ఇక్కడ ఆయన గణితశాస్త్రం నుండి సమితుల భావన అరువు తెచ్చుకున్నాడు. ఒక గుంపును దాని హద్దుతో నిర్వచించవచ్చు. గీత లోపల ఉన్నవారు మనవారు, బయట ఉన్నవారు కారు. లేదా ఒక గుంపును దాని కేంద్రంతో నిర్వచించవచ్చు. ఎవరు కేంద్రం వైపు తిరిగి కదులుతున్నారన్నదే ముఖ్యం, ఎంత దగ్గరలో ఉన్నారన్నది తర్వాతి మాట. క్రీస్తు కేంద్రమైతే, నిన్ననే విన్న పాపయ్య దూరంగా ఉండి కూడా ఆయన వైపు తిరిగినవాడై ఉండవచ్చు. పుట్టుకతో క్రైస్తవుడైనవాడు చాలా దగ్గర నిలబడి వీపు చూపిస్తూ ఉండవచ్చు.

మన విద్యార్థులకు నేను ఉప్పల్ రింగు రోడ్డు చూపిస్తాను. సాయంత్రం ఆరు గంటలకు అక్కడ రెండు బస్సులు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒకటి వరంగల్ నుండి వచ్చి నగరంలోకి పోయేది, ఒకటి నగరం నుండి బయలుదేరి భువనగిరి, జనగామల మీదుగా వరంగల్ పోయేది. నిలబడిన చోటు చూసి చెప్పాలంటే రెండూ ఉప్పల్ బస్సులే. ముఖం ఎటుందో చూస్తేనే తేడా తెలుస్తుంది.

అయితే ఈ భావనను చేతిలో పట్టుకుని రిజిస్టర్లన్నీ చింపివేయమని చెప్పేవారితో నేను ఏకీభవించను. హీబర్టు కూడా అలా చెప్పలేదు. కేంద్రం ఉన్న గుంపుకూ హద్దు ఉంటుంది, కేంద్రంతో సంబంధం నుండి అది దానంతట ఏర్పడుతుంది అన్నాడు. పైగా ఆయన అనాబాప్తిస్టుల వారసుడు. పెద్దవాడై ఒప్పుకుని సంఘంలో చేరడం, ఒకరికొకరు లెక్క అప్పగించడం ఆ వంశం ప్రాణం పెట్టి కాపాడిన సంగతులు. సమాధుల తోటలో స్థలం తక్కువ, అడిగేవారు ఎక్కువ. కార్యదర్శి రిజిస్టరు తెరవకుండా ఎలా? అందుకే 1987లో ఆయన చెప్పిన పద్ధతి నాకు ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది. పాత ఆచారాన్ని వెంటనే కొట్టివేయవద్దు, కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. ముందు ఆ ఆచారానికి జనంలో ఉన్న అర్థం ఏమిటో సేకరించాలి. తర్వాత వాక్యాన్ని కలిసి చదవాలి. ఆ వెలుగులో తీర్పు చెప్పవలసినది సంఘమే, మిషనరీ కాదు, కాపరి ఒక్కడూ కాదు. అప్పుడు కొత్త ఆచారం పుడుతుంది. చాలాకాలంగా మనం స్వయంపోషణ, స్వయంపాలన, స్వయంవ్యాప్తి అని మూడు మాటలు వల్లిస్తున్నాం. వీటికి ఆయన నాలుగవది చేర్చాడు: తమ వేదాంతాన్ని తామే ఆలోచించుకునే హక్కు.

బదిలీ ఉత్తరం కూడా ఒక ఆచారమే. దాన్ని మన ముందు ఎవరైనా ఇలా పరిశీలించారా? ఊరు కదలని కాలంలో, ఒక మిషను స్టేషను నుండి మరొక స్టేషనుకు వెళ్లే విశ్వాసిని అపరిచితుల చేతికి భద్రంగా అప్పగించే ఉత్తరం అది. 'వీరు మావారు, వీరిని చేర్చుకోండి' అని దాని అర్థం. ఇప్పుడు మన చేతుల్లో అది 'మీరు మావారని రుజువు తెండి' అనే అర్థానికి తిరిగింది. కాగితం అదే, ముఖం తిరిగిపోయింది.

ఇల్లు

హీబర్ట్ విద్యావృత్తి వివరాలు పుస్తకాల వెనుక అట్టల మీద ఉన్నాయి. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, 1977 నుండి ఫుల్లర్ సెమినరీ, 1990 నుండి షికాగో దగ్గరి ట్రినిటీ. 1970లలో కొంతకాలం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా ఉన్నాడు. ఉస్మానియా ఆవరణ దాటితే తార్నాక, హబ్సిగూడ, అటు నాచారం, ఇటు ఉప్పల్. పల్లెలు విడిచిన మన కుటుంబాలు ఈ వాడల ఫ్యాక్టరీల చుట్టూ గుడిసెలు వేసుకుంటున్న కాలం అది.

ఇంటివాడుగా ఆయన గురించి బయటికి కనిపించే గుర్తులు తక్కువే, కాని స్పష్టమైనవి. 1987లో వచ్చిన మిషను సమస్యల అధ్యయన గ్రంథం మీద ఆయన పేరుతోపాటు ఫ్రాన్సెస్ పేరు ఉంది. 1995లో వచ్చిన సంఘస్థాపన గ్రంథం మీద కూతురు ఎలోయిజ్ హీబర్ట్ మెనెసెస్ పేరు ఉంది. ఆమె కూడా మానవశాస్త్ర ఆచార్యురాలు అయింది. తాత మిషనరీ, తండ్రి మిషనరీ, కొడుకు మిషనరీ, మానవశాస్త్రజ్ఞుడు, మనుమరాలు మానవశాస్త్రజ్ఞురాలు. భార్య పేరును, కూతురి పేరును పుస్తకం అట్ట మీద తన పక్కన పెట్టుకున్న సేవకులు మనలో ఎందరున్నారు? ప్రసంగం మనది, టీ వాళ్లది అన్నట్లే నడుస్తున్నాయి చాలా పాస్టరేటు ఇళ్లు. నా ఇల్లు కూడా చాలాకాలం అలాగే నడిచింది.

ఫ్రాన్సెస్ ఆయనకంటే ముందు కన్నుమూసింది. పాల్ హీబర్ట్ 2007 మార్చి 11న కాన్సర్‌తో చనిపోయాడు. లోకదృష్టుల మార్పు మీద ఆయన రాస్తూ ఉన్న పెద్ద గ్రంథం మరుసటి ఏడు, 2008లో, ఆయన లేకుండా వెలువడింది. అదే 2008 మార్చిలో ఆయన పుట్టిన శంషాబాదులో అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకుంది. ఇప్పుడు తెలుగు పిల్లలు తల్లిదండ్రులను కౌగిలించుకుని దేశాలు దాటేది అక్కడి నుండే. మెన్నోనైట్లు ఓడలెక్కి వెదికిన కాన్సాస్, మిన్నెసోటాలకు వెళ్లేవారు కూడా వారిలో ఉన్నారు.

నాచారానికి తిరిగి

భూస్థాపన జరిగిన నాల్గవ వారం, ఆ సహోదరుని పెద్ద కొడుకు తన తండ్రి ఊరి సంఘం నుండి ఉత్తరం తెచ్చాడు. కాపీ పుస్తకంలో నుండి చింపిన గీతల కాగితం. సంఘ పెద్ద చేతిరాత. ఫలానావాడు మా సంఘంలో బాప్తిస్మం పొందినవాడు, ఆయన తండ్రి మా సంఘంలో పెద్దగా ఉన్నవాడు, దయచేసి చేర్చుకోగలరు అని రాసి, కింద ముగ్గురి సంతకాలు, ఒక వేలిముద్ర. చనిపోయిన సంగతి వారికి చెప్పే రాయించుకున్నానని కొడుకు అన్నాడు. అయినా ఆ పెద్ద 'చేర్చుకోగలరు' అనే రాశాడు.

కార్యదర్శి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చనిపోయినవారి రిజిస్టరులో రాయాలా, కొత్తగా చేరినవారి రిజిస్టరులో రాయాలా అని నన్ను అడిగాడు. పెద్దలను పిలిచాం. ఆ సాయంత్రం వారితోపాటు ఆయన భార్యనూ కూర్చోబెట్టి, ముచ్చింతల ఎల్లయ్య సంగతి చదివి వినిపించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పెద్ద, తానూ దేవరకొండ దిక్కు నుండి వచ్చి ఇరవై రెండేళ్లయిందనీ, తన ఉత్తరం కూడా ఇంకా రాలేదనీ చెప్పాడు. కార్యదర్శి చేరినవారి రిజిస్టరు తెరిచి, ఆ నెల తేదీతో ఆయన పేరు రాసి, ఆయన కింద భార్య పేరు, ముగ్గురు పిల్లల పేర్లు రాశాడు.